అరురా నీడ

మా మామగారి మందుల సంచి యాక్ తోలుది.
మూతి విప్పితే ముందు దుమ్ము వాసన,
తర్వాత కర్పూరం,
అన్నిటికన్నా అడుగున
కరక్కాయ.

మేం దాన్ని అరురా అంటాం.
జంస్కార్‌లో అది కాయదు.
ఇక్కడ పండేది బార్లీ, బఠాణీ, కాస్త గాలి.
ఎక్కడో వేడి నేలల్లో రాలి, ఎండి,
నాలుగు సంతలు మారి
మంచు కనుమ దాటి వస్తుంది,
ముసలి బొటనవేలంత, ముడతలు ముడతలుగా.

అమ్చీ ఉర్గ్యాన్ అంటే చుట్టుపక్కల పదకొండు ఊళ్లకు ఆయనే.
నలభై ఏడేళ్లుగా దంచుతున్నారు
ఎన్నడూ చూడని చెట్టు కాయను.
గొంపా గోడ మీద నీలిరంగు వైద్యబుద్ధుడి చేతిలో
ఒక కొమ్మ ఉంది, ఆకులతో, కాయతో.
ఆయన చూసిన చెట్టు అంతే.

పొగకు కళ్లు మండితే మూడు కాయల కషాయం.
నాలుగురోజులుగా కడుపు కదలని ముసలమ్మకు చిటికెడు పొడి, వేడినీళ్లతో.
పిల్లాడి దగ్గుకు అరగదీసి నాకిస్తారు.
ఫీజు లేదు.
మంచు కరిగాక ఒకరోజు వచ్చి
మా పొలం దున్నిపోతారు.

నేను పదుం ఆరోగ్య కేంద్రంలో నర్సుని.
నా సంచిలో బీపీ మిషను, సూదులు, షుగరు పట్టీలు.
ఒకే పొయ్యి దగ్గర రెండు సంచులూ చలి కాచుకుంటాయి.

"అబా లే, అది నిజంగా పనిచేస్తుందా?"
అడిగానొక రాత్రి.
"పేగు కదులుతుంది. అది నేను చూశాను.
చక్కెర తగ్గుతుందంటారు. అది నేను చూడలేదు.
నీ పట్టీ చూస్తే నాకూ చెప్పు."

చూశాను. ఛోస్‌కిత్ పిన్ని వేలు గుచ్చి మూడు నెలలు రాసుకున్నాను.
కొంచెం తగ్గింది.
ఆ మూడు నెలలూ ఆవిడ నా మాత్రలు మానలేదు,
తీపి టీ మానేసింది,
తప్పిపోయిన మేక కోసం రోజూ కొండెక్కింది.
ఏది తగ్గించిందో
నోటుబుక్కుకు తెలీదు.
ఆయనకు చెప్తే తలూపారు,
ఓడినట్టూ కాదు, గెలిచినట్టూ కాదు.

అన్నట్టు, నాకు నెల తప్పినప్పుడు
ఆ సంచిని అటక మీదకు ఎక్కించింది ఆయనే.
"కడుపుతో ఉన్నవాళ్ల దగ్గర దీనికి పని లేదు" అన్నారు.
మంచిదన్న దాన్ని ఎక్కడ ఆపాలో
నాకు పుస్తకం కన్నా ముందు చెప్పింది ఆయన అటకే.

పోయిన శరదృతువులో శిక్షణకని డెహ్రాడూన్ పంపారు.
తోటలో రేకుముక్క కట్టిన చెట్టు,
రేకు మీద నంబరు.
తోటమాలి చెప్పేదాకా
దాని కిందే నిలబడి ఫోనులో మాట్లాడుతున్నాను.
రాలినవి ఐదు ఏరాను, పచ్చివి, నున్ననివి.
తడిగుడ్డలో చుట్టి
కనుమ మూసుకోకముందే చివరి జీపులో తెచ్చాను.

ఆయన అరచేతిలో దొర్లించి చూశారు.
"ఇది అరురా కాదు" అన్నారు.
ముడతల్లేవు. నలుపు లేదు. బరువుగా ఉంది.
కొరికారు.
వగరుకు మొహమంతా దగ్గరకు ముడుచుకుంది,
అప్పుడు నవ్వారు:
"ఇదే."

చాలాసేపు చప్పరించాక అడిగారు,
"దాని నీడ ఎలా ఉంటుంది?"

నేను కాయలు లెక్కపెట్టాను,
నంబరు ఫోటో తీశాను.
నీడ చూడలేదు.
"చల్లగానే ఉంది" అన్నాను, అబద్ధమో నిజమో తెలీక.

తలుపు చప్పుడైంది. దగ్గుతో లోతుస్, వాళ్లమ్మ వెనకాల.
నాడి చూసి, నాలుక చూసి
ఆయన తోలుసంచి విప్పారు. ఎండుకాయే తీశారు.
పచ్చివి నాలుగూ కిటికీలో ఉన్నాయి,
ఒక్కోటీ తన ముడతను తను వెతుక్కుంటూ.

నేను లోతుస్ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టాను.
"చల్లగా ఉంది" అన్నాడు వాడు.